క్లచ్ మార్చాక కొత్త తంటాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే బాపతువి. క్లచ్ సెట్ మార్పించారు, బండి చేతికొచ్చిన నాలుగు రోజులకే ఇంకో బాధ మొదలైంది. క్లచ్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. అది దిగాలంటే ఆక్సిళ్లు (చక్రాలను తిప్పే కడ్డీలు), మౌంటింగులు (ఇంజిన్‌ను, గేర్‌బాక్స్‌ను బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు), కేబుళ్లు, వైర్లు అన్నీ ఊడదీయాలి. కొత్త బాధల్లో సగానికి పైగా అక్కడే ఉంటాయి. మళ్లీ గేర్‌బాక్స్ దించేందుకు ఒప్పుకోక ముందే బయటి నుంచి చూడాల్సినవి చూడండి.

ప్ర: మాది కేబుల్ క్లచ్ ఉన్న చిన్న పెట్రోల్ కారు. క్లచ్ ప్లేట్, ప్రెజర్ ప్లేట్, బేరింగ్ మూడూ మార్పించాం. అప్పటి నుంచి రివర్స్ వేస్తే గరగరమంటోంది. ట్రాఫిక్‌లో ఇంజిన్ వేడెక్కాక ఫస్ట్ గేరు పడటం లేదు. మెకానిక్ గేర్‌బాక్స్ పోయింది, విప్పాలి అంటున్నాడు. నిజమేనా?
– ఓ పాఠకుడు, ఖమ్మం

జ: క్లచ్ మార్చకముందు గేర్లు బాగానే పడేవా? అయితే నాలుగు రోజుల్లో గేర్‌బాక్స్ పాడైందంటే నమ్మడం కష్టం. మీరు చెప్పిన లక్షణాలు క్లచ్ పూర్తిగా విడవడం లేదని చెబుతున్నాయి. పెడల్ అడుగు దాకా తొక్కినా ప్లేట్ ఫ్లైవీల్‌ను (ఇంజిన్‌తోపాటు తిరిగే బరువైన చక్రాన్ని) కొంచెం రాసుకుంటూ తిరుగుతోంది. చిన్న కార్లు చాలావాటిలో రివర్స్‌కు సింక్రోనైజర్ (గేరు పడేముందు పళ్ల వేగాలను కలిపే రింగు) ఉండదు కాబట్టి గోల ముందు అక్కడే వినిపిస్తుంది.

తేల్చుకోవడానికి మూడు పరీక్షలున్నాయి, పానా అక్కర్లేదు. మొదటిది, ఇంజిన్ ఆపేసి క్లచ్ తొక్కి అన్ని గేర్లూ వేసి చూడండి. అప్పుడు కూడా బిగుతుగా ఉంటే తప్పు గేర్ కేబుళ్లదో లింకేజీదో. మెత్తగా పడితే రెండోది చేయండి: ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా, న్యూట్రల్‌లో క్లచ్ పూర్తిగా తొక్కి ఐదు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. వెంటనే వేస్తే గరగరమని, ఐదు సెకన్లు ఆగితే చప్పుడు లేకుండా పడితే పెద్దగా దిగులు లేదు, లోపలి షాఫ్ట్ ఆగడానికి అంత సమయం పడుతుంది. ఆగినా గరగరమంటే క్లచ్ విడవడం లేదు. మూడోది చదునైన ఖాళీ చోట, ముందు ఎవరూ లేకుండా చూసుకుని చేయాలి. హ్యాండ్‌బ్రేక్ వేసి, ఫస్ట్ గేరులో పెట్టి, క్లచ్ అడుగంటా తొక్కి స్టార్ట్ చేయండి. బండి ముందుకు గుంజితే ఇక అనుమానం లేదు.

ఇప్పుడు కారణాలు, ఖర్చు తక్కువవి ముందు. నవ్వకండి గానీ, ముందు పెడల్ కింద మ్యాట్ తీసి చూడండి. మందపాటి మ్యాట్లు పెడల్‌ను అడుగు దాకా పోనివ్వవు. తర్వాత కేబుల్ ఫ్రీ ప్లే, అంటే క్లచ్ పని మొదలయ్యేలోపు ఉండే వదులు. ఈ తరహా కార్లలో గేర్‌బాక్స్ మీద ఉండే రిలీజ్ లివర్ దగ్గర 2 నుంచి 4 మి.మీ., పెడల్ దగ్గర సుమారు 15 నుంచి 25 మి.మీ. వదులు ఉంటే చాలు; మీ మోడల్ మాన్యువల్‌లో ఉన్న అంకెనే లెక్కలోకి తీసుకోండి. వదులు ఎక్కువైతే మీ బాధే వస్తుంది. బొత్తిగా లేకపోతే క్లచ్ జారుతుంది, బేరింగ్ ఎప్పుడూ తిరుగుతూ తొందరగా పోతుంది.

కేబుల్ పాతదే ఉంచేశారా? పాత కేబుల్ పై తొడుగు తొక్కినప్పుడల్లా నొక్కుకుపోయి, మీ కాలు తొక్కిన దూరమంతా లివర్‌కు చేరదు. ఒకరు పెడల్ తొక్కుతుంటే ఇంకొకరు బానెట్ కింద లివర్ ఎంత కదులుతోందో చూస్తే తెలిసిపోతుంది. సైలెన్సర్ పైపుకు ఆనుకుని కేబుల్ లాగి ఉంటే వేడెక్కినప్పుడే ఇబ్బంది రావడానికి అదొక కారణం.

సర్దుబాటు నట్ మర చివరి దాకా వచ్చినా గేరు పడటం లేదంటే లివర్ బిగించిన తీరు చూడాలి. కొన్ని కార్లలో ఆ లివర్ పళ్లున్న షాఫ్ట్ మీద కూర్చుంటుంది. షాఫ్ట్ మీదా లివర్ మీదా చిన్న చుక్క గుర్తు ఉంటుంది, రెండూ కలవాలి. ఒక్క పన్ను తప్పినా నట్ ఎంత తిప్పినా లాభం లేదు. ఇది బయటే సరిచేయొచ్చు.

ఇవన్నీ సరిగ్గా ఉంటేనే గేర్‌బాక్స్ దించాలి. దించితే చూడాల్సినవి: క్లచ్ ప్లేట్ తిరగేసి బిగించారా (ఫ్లైవీల్ వైపు ఏదో ప్లేట్ మీదే గుర్తు ఉంటుంది), మధ్యలోని పళ్లు తుప్పుపట్టి షాఫ్ట్ మీద జారడం లేదా, ప్రెజర్ ప్లేట్ బోల్టులు ఎదురెదురుగా కొద్దికొద్దిగా కాక ఒక పక్కవి ముందే బిగించేశారా. ఇంకొకటి చాలామంది పట్టించుకోరు. గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు దాని బరువంతా కాసేపు షాఫ్ట్ మీద, అంటే కొత్త ప్లేట్ నడుమ మీద వేలాడితే ప్లేట్ వంగిపోతుంది. వంగిన ప్లేట్ ఎప్పటికీ పూర్తిగా విడవదు, మార్చడమే.

ఈలోగా బలవంతంగా గేరు తోయకండి. ముందు రెండో గేరు వేసి, క్లచ్ వదలకుండా అక్కడి నుంచి రివర్స్‌కు తీయండి; సింక్రోనైజర్ షాఫ్ట్‌ను ఆపుతుంది. గరగరలతో నెలలు నడిపితే మాత్రం మీ మెకానిక్ మాట నిజమవుతుంది, పళ్లు నిజంగానే అరుగుతాయి.

ప్ర: మాది హైడ్రాలిక్ క్లచ్, కేబుల్ బదులు ఆయిల్ ఒత్తిడితో పనిచేసేది. కొత్త సెట్ వేశాక పెడల్ ఒక్కోసారి కిందే ఉండిపోతోంది. బ్రేక్ ఆయిల్ కూడా తగ్గుతోంది, కానీ కింద ఎక్కడా మరక లేదు.
– ఓ పాఠకురాలు, నెల్లూరు

జ: చాలా కార్లలో క్లచ్‌కూ బ్రేక్‌కూ ఆయిల్ డబ్బా ఒకటే, కాబట్టి దీన్ని వాయిదా వేయకండి. పెడల్ నాలుగైదుసార్లు గబగబా తొక్కాక గేరు సులువుగా పడుతుంటే లైనులో గాలి ఉంది; బ్లీడింగ్ (లైనులోని గాలి తీసేయడం) సరిగ్గా చేయలేదు. ఆయిల్ కూడా తగ్గుతోందంటే గాలి ఒక్కటే కాదు, లీకు ఉంది. మీ కారులో స్లేవ్ సిలిండర్ (ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ను విడిపించేది) గేర్‌బాక్స్ లోపలే, షాఫ్ట్ చుట్టూ ఉండే రకమైతే అది కారినా మొదట్లో బయటికి కనబడదు. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే అతుకు కింద వేలు పెట్టి చూడండి. తడి ఉండి, అది పలచగా ఉంటే బ్రేక్ ఆయిల్. జిగటగా ఉంటే ఇంజిన్ ఆయిల్ లేదా గేర్ ఆయిల్. ఈ రకం సిలిండర్‌ను క్లచ్‌తోపాటే మార్చేయాలి. పాతది ఉంచేసి మిగిల్చిన డబ్బు రెండోసారి లేబర్‌కే పోతుంది. ఆయిల్ డబ్బా మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో ఏది రాసి ఉంటే అదే, సీల్ తీయని డబ్బాలోంచి పోయించండి.

ప్ర: ఫస్ట్ గేరులో క్లచ్ వదులుతుంటే బండి మొత్తం వణుకుతోంది. కొత్త క్లచ్ కదా, కొన్నాళ్లు నడిస్తే సర్దుకుంటుందంటున్నారు. వచ్చే వారం కుటుంబంతో తిరుమల వెళ్లాలి.
– ఓ పాఠకుడు, కర్నూలు

జ: సర్దుకునే వణుకూ ఉంది, సర్దుకోనిదీ ఉంది. పొద్దున్నే మొదటి రెండు మూడుసార్లు వణికి ఆ తర్వాత పోతే, వానాకాలం తేమకు ఫ్లైవీల్ మీద పట్టిన సన్నని తుప్పు వల్ల కావచ్చు, వదిలేయండి. వేడెక్కేకొద్దీ వణుకు పెరుగుతుంటే మాత్రం ఫ్లైవీల్‌నే అనుమానించాలి. పాత క్లచ్ జారినన్నాళ్లూ అది కాలి నీలం మచ్చలు పడి ఉంటుంది. దానికి ఫేసింగ్ (లేత్ మీద పైభాగం చదును చేయడం) చేయించకుండా కొత్త ప్లేట్ వేస్తే వణుకు రాక మానదు. కొత్త ప్రెజర్ ప్లేట్‌కు తుప్పు పట్టకుండా పూసిన నూనెను బ్రేక్ క్లీనర్‌తో తుడవకపోయినా, గ్రీజు చేతులతో ప్లేట్ పట్టుకున్నా ఇదే గతి. కాలిన వాసన కూడా వస్తుంటే క్రాంక్ వెనక ఆయిల్ సీల్ కారుతుందేమో చూడాలి.

వీటికన్నా ముందు మౌంటింగులు చూడండి, గేర్‌బాక్స్ దించినప్పుడు విప్పినవే అవి. బానెట్ ఎత్తి ఒకరు పక్కన నిలబడాలి, కారు ముందు కాదు. ఇంకొకరు బ్రేక్ గట్టిగా తొక్కి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఫస్ట్ గేరులో క్లచ్ పట్టుకునేదాకా మాత్రం వదిలి మళ్లీ తొక్కాలి. తర్వాత రివర్స్‌లో అలాగే. ఇంజిన్ ఒక పక్కకు ఎగిరిపడితే మౌంటింగ్ బోల్టు వదులుగా ఉంది, లేదా రబ్బరు తెగింది.

తిరుమల సంగతి: కొత్త క్లచ్ మొదటి 500 కి.మీ. మామూలు రోడ్ల మీద, మామూలు బరువుతో నడవాలి. వణుకు తేలకుండా నిండు బండితో ఘాట్ ఎక్కకండి, వేరే బండి చూసుకోండి. ఎక్కినప్పుడు కూడా వాహనాలు ఆగినచోట హాఫ్ క్లచ్ మీద (పెడల్ సగం తొక్కి) బండిని నిలబెట్టవద్దు. హ్యాండ్‌బ్రేక్ వేసి న్యూట్రల్ చేయండి.

ప్ర: డీజిల్ కారు. క్లచ్ మార్చాక న్యూట్రల్‌లో గరగర చప్పుడు. పెడల్ తొక్కితే ఆగిపోతోంది. కొత్త బేరింగ్ నాసిరకమా?
– ఓ పాఠకుడు, కరీంనగర్

జ: కాకపోవచ్చు. మీరు మార్పించిన రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను నెట్టేది) చప్పుడైతే పెడల్ తొక్కినప్పుడు వస్తుంది. తొక్కితే ఆగేది గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ నుంచి గేర్‌బాక్స్‌లోకి వెళ్లే కడ్డీ) బేరింగ్‌ది. అయితే గేర్‌బాక్స్ విప్పే ముందు ఆయిల్ చూడండి. దించేటప్పుడు ఆయిల్ తీసేసి, తిరిగి తక్కువ పోసిన సందర్భాలు కొత్తేమీ కాదు. బండి చదునుగా ఉండగా పక్కనున్న ఫిల్లర్ ప్లగ్ తీస్తే ఆయిల్ ఆ రంధ్రం అంచు దాకా ఉండాలి (కొన్ని మోడళ్లకు కొలిచి పోయాలి, మాన్యువల్ చూడండి). 75డబ్ల్యూ-80 (ఆయిల్ చిక్కదనం గ్రేడు) అడిగే బాక్సులో చిక్కటి ఆయిల్ పోస్తే చలి పొద్దున గేర్లు బిగుసుకుంటాయి. గేర్ ఆయిల్ రకం జీఎల్-4 అని రాసి ఉంటే జీఎల్-5 పోయించకండి, ఇత్తడి సింక్రో రింగులకు అది మంచిది కాదు.

స్టార్ట్ చేసినప్పుడు, ఆపినప్పుడు టకటక కొట్టుకునే చప్పుడైతే కథ వేరు. అది డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (మధ్యలో స్ప్రింగులతో రెండు ముక్కలుగా ఉండే ఫ్లైవీల్) అరుగుదల. దీనికి మామూలు ఫ్లైవీల్‌లా లేత్ మీద ఫేసింగ్ పనికిరాదు. ఎంత ఆడితే ఓకే అన్నది తయారీదారు ఇచ్చిన పరిమితితో కొలిచి చూడాలి. క్లచ్ సెట్ మార్చే రోజే కొలిపించి ఉంటే బాగుండేది.

ప్ర: క్లచ్ మార్చాక రివర్స్ లైటు వెలగడం లేదు, స్పీడోమీటర్ ముల్లు లేవడం లేదు. సెల్ఫ్ కూడా నీరసంగా తిరుగుతోంది. బ్యాటరీ కొత్తదే.
– ఓ పాఠకుడు, అనంతపురం

జ: మొదటి రెండూ గేర్‌బాక్స్ మీది సాకెట్లు తిరిగి పెట్టకపోవడమో, సరిగ్గా లాక్ కాకపోవడమో. ఐదు నిమిషాల పని. మూడోదాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. బ్యాటరీ నెగటివ్ నుంచి గేర్‌బాక్స్‌కో ఇంజిన్‌కో ఒక లావు ఎర్త్ వైరు వస్తుంది. దాన్ని బిగించడం మరిచిపోయినా, పెయింటు మీదో తుప్పు మీదో బిగించినా సెల్ఫ్‌కు కావాల్సిన కరెంటుకు తిరిగివచ్చే దారి ఉండదు. అప్పుడది దొరికిన దారి పడుతుంది: ఇంజిన్‌నూ బాడీనీ కలిపే క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్ తీగల గుండా. నాలుగైదుసార్లు సెల్ఫ్ కొట్టాక క్లచ్ కేబుల్ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉందంటే ఇదే. తొడుగు లోపల కరిగి కేబుల్ బిగుసుకుపోతుంది, పొగ కూడా రావచ్చు.

పరీక్షకు ఒక జంపర్ కేబుల్ చాలు. ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కు, ఇంకో కొస ఇంజిన్ మీది పెయింటు లేని లోహానికి తగిలించి సెల్ఫ్ కొట్టండి. జోరుగా తిరిగితే తప్పు ఎర్త్‌దే. మల్టీమీటర్ ఉంటే సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజిన్‌కూ మధ్య వోల్టేజీ చూడండి, 0.2–0.3 వోల్టు దాటకూడదు. ఎర్త్ బోల్టు విప్పి, కింది లోహం మెరిసేదాకా ఎమరీ కాగితంతో గీకి బిగించండి. అప్పటికే వేడికి గురైన క్లచ్ కేబుల్‌ను కూడా మార్పించేయండి, లోపల తొడుగు కరిగినది గ్రీజు పెడితే బాగుపడదు.