క్రోన్స్ ఉన్నవాళ్ళకి నోరెందుకు పూస్తుంది? ఇమ్యూనిటీ పెంచే కషాయాలు తాగొచ్చా?

మీ తమ్ముడికి క్రోన్స్ (పేగులు వాచి పుండ్లు పడే దీర్ఘకాలిక జబ్బు) అని తేలింది, మాటిమాటికీ నోరు పూస్తోంది, బ్రష్ చేస్తే చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది, "ఇమ్యూనిటీ పడిపోయింది, తిప్పతీగ కషాయం పట్టించండి" అని చుట్టాలు పోరుతున్నారు, పట్టించొచ్చా అని అడిగారు. నాకూ క్రోన్సే. డాక్టర్ని కాను గానీ, ఈ జబ్బుతో చాలాకాలంగా కాపురం చేస్తున్నాను.

ముందు కషాయం సంగతి. వద్దండీ. ఈ జబ్బులో రోగనిరోధక వ్యవస్థ నీరసపడదు, అతిగా రెచ్చిపోతుంది. పేగుల్లో ఎప్పుడూ ఉండే మామూలు బ్యాక్టీరియా మీద కూడా విరుచుకుపడి, ఆ ఊపులో పేగు గోడనే పుండు చేస్తుంది. ఆ వాపును ఎగదోసేవాటిలో టీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్ ముఖ్యమైనది. 1998లో అమెరికాలో క్రోన్స్‌కి అనుమతి వచ్చిన ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇంజక్షన్ చేసేది ఆ టీఎన్‌ఎఫ్‌ని అడ్డుకోవడమే. వేలకు వేలు పోసి ఇమ్యూనిటీని అణిచే మందు వాడుతూ, మళ్ళీ దాన్నే పెంచుతుందని చెప్పేది తాగడమేమిటి? పైగా తిప్పతీగ వాడినవాళ్ళలో లివర్ దెబ్బతిన్న కేసుల్ని 2021లో ముంబై డాక్టర్లు ప్రచురించారు. మీ తమ్ముడు ఇమ్యూనిటీని అణిచే అజాథయోప్రిన్ మాత్రలు వాడుతుంటే లివర్ మీద ఎలాగూ ఓ కన్నేసి ఉంచాలి.

ఇక నోరు. క్రోన్స్ నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు. నాకు జబ్బు బయటపడకముందు మా ఇంట్లో నోటిపూత అంటే వేడి చేసినట్టే; సబ్జా నీళ్ళు, మజ్జిగ, ఓ బీ కాంప్లెక్స్ మాత్రతో వైద్యం అయిపోయేది. ఇప్పుడు నాకు విరేచనాలు ముదరకముందే నాలుక అంచున పూత లేస్తుంది. కొందరికి పెదవి వాచి అలాగే ఉండిపోతుంది, బుగ్గ లోపల గులకరాళ్ళు పరిచినట్టు గడ్డలు కడతాయి.

అయితే ప్రతి పూతా జబ్బుదే కాదు. బీ12ని పీల్చుకునేది చిన్నపేగు చివరి భాగం. క్రోన్స్ ఎక్కువగా తిష్ఠ వేసేదీ అక్కడే, అందుకే ఆ విటమిన్ తగ్గిపోవచ్చు. దానికితోడు ఐరన్, ఫోలిక్ యాసిడ్ తగ్గినా నాలుక ఎర్రగా నున్నబడుతుంది, పెదవుల మూలలు పగులుతాయి. క్రోన్స్‌కి కొందరికి ఇచ్చే మెథోట్రెక్సేట్ అనే మందు వల్లా నోరు పూస్తుంది. స్టెరాయిడ్లు వాడేటప్పుడు తెల్లటి పొరలా కనిపిస్తే అది ఫంగస్ కావచ్చు. ఒక్కోదానికి ఒక్కో మందు, కాబట్టి షాపులో జెల్ కొని పూయడం కంటే గ్యాస్ట్రో డాక్టర్ దగ్గర నోరు తెరిచి చూపించమనండి. వాళ్ళంతట వాళ్ళు అడగడం తక్కువే.

చిగుళ్ళ గురించి ఓ ఆసక్తికరమైన సంగతి ఉంది. 2020లో అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీ వాళ్ళు ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, చిగుళ్ళ జబ్బు ముదిరితే నోట్లో పెరిగిన క్లెబ్సియెల్లా లాంటి బ్యాక్టీరియా ఉమ్మితో పాటు పేగుల్లోకి దిగి వాపును పెంచింది. అంతకంటే విచిత్రం, చిగుళ్ళ దగ్గర ఆ బ్యాక్టీరియాని గుర్తుపట్టడం నేర్చుకున్న టీ కణాలు (రోగనిరోధక వ్యవస్థలోని ఒక రకం కణాలు) కూడా పేగులకు వలసపోయి అక్కడ గొడవ మొదలుపెట్టాయి. ఎలుకల్లో జరిగిందంతా మనుషుల్లో జరగాలని లేదు. అయినా అది చదివాక నేను పళ్ళ క్లీనింగ్ వాయిదా వేయడం మానేశాను. క్లీనింగ్‌తో పళ్ళు వదులవుతాయన్న భయం మా అమ్మకి ఇంకా పోలేదు, అది వేరే కథ.

పళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు మీ తమ్ముడి మందుల చీటీలన్నీ పట్టుకెళ్ళండి. నాకు పిప్పిపన్ను పీకినప్పుడు నొప్పికి డైక్లోఫెనాక్ రాయబోయారు. క్రోన్స్ అని చెప్పగానే పారాసెటమాల్‌కి మార్చారు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ జాతి మాత్రలు కొందరిలో పేగు జబ్బును తిరగబెట్టిస్తాయి. యాంటీబయాటిక్ రాస్తే అది అవసరమేనా అని కూడా అడగండి, దాంతో విరేచనాలు పట్టుకుంటే జబ్బు తిరగబెట్టిందో, మందు పడలేదో తేల్చుకోవడం కష్టం. పన్ను తీయించాలని ఇమ్యూనిటీని అణిచే మందుల్ని సొంతంగా ఆపొద్దు, ఆ నిర్ణయం గ్యాస్ట్రో డాక్టర్‌కి వదిలేయండి.

పుండు రెండు మూడు వారాలైనా మానకపోయినా, ముఖం వాచి జ్వరం వచ్చినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, ముఖ్యంగా ఇన్‌ఫ్లిక్సిమాబ్ మీద ఉంటే.