బీహార్ కూలీలొస్తే బువ్వ ధర పెరుగుతదా? ఈ ప్రశ్న పట్టుకున్న బిడ్డ ఏం చదవాలి

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. మిర్చి, కొంత వరి వేస్తాం. మా బిడ్డ హనుమకొండలో ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. మంచి మార్కులే వస్తాయి. దసరాకు ఇంటికొచ్చినప్పుడు మా నాయనకూ నాకూ మాటా మాటా పెరిగింది. బయటి రాష్ట్రాలోళ్లు వచ్చి మీద పడ్డంకనే తిండి ధరలు పెరిగినయని ఆయన. వాళ్లు రాకపోతే నాటు పడదు, కాయ తెగదు, ధరలు ఇంకా పెరుగుతయని నేను. ఆనాటి నుంచి బిడ్డకు అదే ధ్యాస. ఇంజినీరింగ్ వద్దు, దీన్నే చదువుకుంటానంటోంది. ధరల ముచ్చట చదివితే ఉద్యోగం దొరుకుతదా? నేనేం చెప్పాలె?

జవాబు: అన్నా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. రెండోసారి చదివింది మీ తండ్రీకొడుకుల వాదన కోసమే. అందులో ఇద్దరూ సగం సగం కరెక్టు. మీ బిడ్డకు నిద్ర పట్టనియ్యనిది కూడా అదే అయ్యుంటుంది. కోర్సుల సంగతి తర్వాత చెప్తాను. ప్రశ్నలో ఏముందో చూడకుండా చదువు చెప్పడమంటే బస్తా విప్పకుండా మిర్చికి ధర కట్టినట్టే.

మీ నాయన లెక్క తినే నోళ్లది. నోళ్లు పెరిగితే ధర పెరగాలి, వినడానికి సబబే. కాకపోతే తిండి లారీలో తిరుగుతుంది. హనుమకొండలో మనం కొనే టమాట ఒక నెల మదనపల్లిది, ఇంకో నెల కోలార్‌ది. ఉల్లిగడ్డ మహారాష్ట్రది. బీహార్‌లోని దర్భంగ నుంచి నాట్లకొచ్చిన పిల్లగాడు అక్కడున్నా అన్నమే తినేవాడు, ఇక్కడా అన్నమే తింటున్నాడు. దేశం మొత్తంలో నోళ్ల లెక్క మారలేదు. లారీలో ఎక్కించి తేలేనిది ఇల్లు. అందుకే బయటివాళ్లు ఎక్కువగా దిగిన పేటల్లో ముందు గదుల కిరాయి కదులుతుంది. మీ నాయనకు కోపం తెప్పించిన పెరుగుదల నిజమే కావచ్చు, అది పళ్లెంలోది కాకుండా కిరాయిలోది అయ్యుండొచ్చు.

దేశాలు దాటి వచ్చినచోట కూడా నోళ్ల లెక్క అనుకున్నట్టు నడవలేదు. 1990లో సోవియట్ యూనియన్ నుంచి ఇజ్రాయెల్‌కు రెండు లక్షలకు దగ్గరగా యూదులు తరలిపోయారు. సాల్ లాక్ అనే ఆర్థికవేత్త ఆ దేశపు పట్టణాల్లో దుకాణాల ధరలు పోల్చి 2007లో ఒక పరిశోధన అచ్చు వేశాడు. స్థానికులతో పోలిస్తే వలస వచ్చినవాళ్ల వాటా ఒక శాతం పెరిగిన చోట ధరలు సగటున అర శాతం తగ్గాయని తేలింది. పెరగలేదు, తగ్గాయి! కొత్తగా వచ్చినవాడి దగ్గర పైసలు తక్కువ, తీరిక ఎక్కువ. ఫలానా కొట్లోనే కొనాలన్న అలవాటు కూడా ఉండదు. నాలుగు కొట్లు తిరిగి, ఎక్కడ అగ్గువకు వస్తే అక్కడ కొంటాడు. కొట్టువాళ్లు దిగి రాక తప్పలేదు.

ఇక మీ లెక్క చేతులది. ఇక్కడ మిమ్మల్ని ఒకటి అడుగుతాను. ఏరుడు కూలి పెరిగిన ఏడు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మీ కాయకు ఆ మేరకు ధర పెంచి కట్టారా? కట్టరు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన బ్యాచ్‌కు మీరెంత ఇచ్చారో, వాళ్లకు గుడిసెలూ బియ్యమూ మీరే చూశారో లేదో, అడ్తి ముందు నిలబడి కాయ విరిచి చూసే ఖరీదుదారుకు అక్కర్లేదు. గుంటూరులో సరుకు ఎంత దిగింది, కోల్డ్ స్టోరేజీల్లో నిరుటి బస్తాలు ఎన్ని మిగిలాయి, చైనాకు ఎగుమతి ఎట్లుంది, ధర తేలేది అక్కడ. కూలి భారం కొనేవాడి దాకా పోదు, మీ దగ్గరే ఆగిపోతుంది. మరుసటి ఏడు మీరు ఎకరం మిర్చి తగ్గించి మక్క పెడతారు. మీలాంటి వేలమంది అదే పని చేస్తే అప్పుడు కారప్పొడి ధర లేస్తుంది. కాబట్టి కూలీలు దొరక్కపోతే ధర పెరుగుతుందన్న మీ మాట నిజమే, కాకుంటే ఒక ఏడాది ఆలస్యంగా, ముందు మీ జేబు ఖాళీ చేసి.

వరిది ఇంకో కథ. 2025-26కు మద్దతు ధర సాధారణ రకం క్వింటాకు 2,369 రూపాయలు, ఏ గ్రేడ్‌కు 2,389. దాన్ని సిఫారసు చేసే వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ కూలి ఖర్చునూ లెక్కలోకి తీసుకుంటుంది. అయితే ధర దేశమంతటికీ ఒక్కటే. బెంగాల్ ముఠా ఎకరం నాటుకు వెయ్యి తగ్గించినా, వెయ్యి పెంచినా ఐకేపీ కొనుగోలు కేంద్రంలో మీ వడ్ల ధర అంతే. 2025 ఉగాదికి మొదలైన రేషన్ సన్నబియ్యం పథకంలో మనిషికి ఆరు కిలోలు ఉచితంగా తెచ్చుకునే ఇంట్లో బియ్యం మీద వలస ప్రభావం ఎంతని అడిగితే నవ్వుతారు. మిర్చి, వరి రెండూ మీ చేనులోవే, రెంటినీ ఏరేది, నాటేది వలస చేతులే, జవాబులు మాత్రం వేరు. ఈ తేడా పట్టుకోవడమే ఎకనామిక్స్‌లో సగం చదువు.

అమెరికాలో ఇదే ప్రశ్న ఎన్నికల్లో కొట్లాట దాకా పోతుంది. అక్కడ పంట పొలాల్లో పనిచేసే కూలీల్లో దాదాపు 40 శాతం మందికి సరైన కాగితాలు లేవని ఆ దేశ కార్మిక శాఖ సర్వేలే చెబుతాయి. వాళ్లందరినీ పంపించేస్తే తిండి ధరలు మండిపోతాయా? అక్కడి వ్యవసాయ శాఖ లెక్కలో జనం తిండికి పెట్టే ప్రతి డాలర్‌లో రైతుకు చేరేది సుమారు 16 సెంట్లే. మిగతాది శుభ్రం చేసేవాళ్లది, ప్యాకింగ్‌ది, రవాణాది, హోటల్‌ది. ఊరికే లెక్క కోసం ఆ 16లో మూడో వంతు కూలి అనుకుందాం. ఐదు సెంట్ల చిల్లర. కూలి 40 శాతం పెరిగినా డాలర్ మీద రెండు సెంట్లు పడుతుంది. పెద్దగా కనబడదు. కూలి పెరగడం వేరు, మనిషే దొరకకపోవడం వేరు, అది మర్చిపోవద్దు. 2011లో జార్జియా రాష్ట్రం వలస చట్టం బిగించినప్పుడు కోసే మనిషి లేక కొందరు రైతుల పంట చేలోనే కుళ్లింది.

దాన్ని మనమూ చూశాం. కరోనా లాక్‌డౌన్‌లో చిక్కిన వలస కూలీలను ఇళ్లకు చేర్చే మొదటి శ్రామిక్ రైలు దేశంలో 2020 మే 1న కదిలింది మన లింగంపల్లి నుంచే, జార్ఖండ్‌లోని హటియాకు. అటు కూలీలను పంపుతుంటే ఇటు వడ్ల కొనుగోళ్లు నడుస్తున్నాయి, బస్తా ఎత్తే హమాలీ లేడు. వారం తర్వాత బీహార్ ఖగడియా నుంచి రైస్‌మిల్లుల కోసం రెండు వందల పైచిలుకు మందిని ఎక్కించుకొని ఒక రైలు అదే లింగంపల్లికి వచ్చింది. మీ బిడ్డకు అప్పుడు పదకొండో పన్నెండో ఏళ్లుంటాయి, గుర్తుందేమో అడగండి.

ఇంకో ముచ్చట చెప్పి ఉద్యోగాలకు వస్తాను, ఎందుకంటే మీ ఇంజినీరింగ్ ఆశకు దారి ఇందులోనే ఉంది. మెక్సికో కూలీలను రప్పించే బ్రసేరో ఒప్పందాన్ని అమెరికా 1942 నుంచి నడిపి 1964తో ఆపేసింది. స్థానికుల కూలి పెరుగుతుందని ఆశపడ్డారు. మైకేల్ క్లెమెన్స్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు పాత లెక్కలు తవ్వితే అట్లా పెరిగిన జాడ దొరకలేదు. రైతులు యంత్రాల వైపు మళ్లారు. కాలిఫోర్నియాలో అప్పటికే డేవిస్ యూనివర్సిటీ ఇంజినీరు ఒకాయన టమాట కోసే యంత్రం చేస్తే, విత్తనాల శాస్త్రవేత్త ఇంకొకాయన ఆ యంత్రం దెబ్బకు పగలని గట్టి టమాట తయారు చేశాడు. కొన్నేళ్లలోనే అక్కడి సాస్ టమాటంతా యంత్రం కిందికి పోయింది. మన మిర్చి అట్లా లొంగదు. ఒక్కసారి పండదు, రెండు మూడు కోతలు కావాలి, తాలు వేరు చేయాలి. దీనికి సరైన యంత్రం కనిపెట్టేవాళ్లు ఇంకా రావాలి.

ఇక చదువు. ఎంపీసీ కాబట్టి మన రాష్ట్రంలో అగ్రికల్చర్ బీఎస్సీ తలుపు మూసుకున్నట్టే, అది బైపీసీ వాళ్లది. బాధ పడొద్దు, ఎకనామిక్స్‌కు ఎంపీసీ పెద్ద ఆస్తి. ఒక తప్పు ఒప్పుకుంటాను. ఈ పని మొదలుపెట్టిన కొత్తలో లెక్కలు రాని పిల్లలను ఎకనామిక్స్‌కు పంపేవాణ్ని. వాళ్లు డిగ్రీ గట్టెక్కారు గానీ పీజీ దగ్గర ఇరుక్కున్నారు. ఇప్పటి ఎకనామిక్స్ అంటే సగం గణితం, సగం స్టాటిస్టిక్స్. పైన చెప్పిన ఇజ్రాయెల్ లెక్క తేల్చింది అవే.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఎకనామిక్స్ ఉంది, దానికి సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాయాలి. నన్నడిగితే మొదటి ప్రయత్నం అదే. కొన్ని ఐఐటీల్లో కూడా ఎకనామిక్స్ డిగ్రీ ఉంది, జేఈఈ అడ్వాన్స్‌డ్‌తో. దూరం పంపలేకపోతే డిగ్రీ సీట్లిచ్చే ఆన్‌లైన్ పోర్టల్ దోస్త్‌లో హనుమకొండ కాలేజీలు చూడండి. ఎకనామిక్స్ పక్కన గణితమో స్టాటిస్టిక్సో ఉండే కాంబినేషన్ మాత్రమే తీసుకోవాలి. ఆ తర్వాత కాకతీయ యూనివర్సిటీలోనో, సెంట్రల్ యూనివర్సిటీలోనో పీజీ. లెక్కల్లో నిజంగా చురుకైతే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ పీజీ కూడా ఉంది, ఢిల్లీలో, కోల్‌కతాలో.

ఉద్యోగం దొరుకుతదా అన్నారు. దొరుకుతుంది, ఆలస్యంగా. యూపీఎస్సీ పెట్టే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్‌కు ఎకనామిక్స్ పీజీ ఉండి తీరాలి. గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డ్‌లో గ్రేడ్ ఏ ఆఫీసరు పోస్టు ఉంది, రిజర్వ్ బ్యాంకు పరిశోధన విభాగం ఉంది. డిగ్రీతోనే కావాలంటే స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్ఎస్‌సీ) పరీక్షతో కేంద్ర గణాంక శాఖలో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టు. దేశంలో ధరల సూచీ కట్టేది ఆ శాఖవాళ్లే, నెల నెలా అవే అంగళ్లకు పోయి అదే సరుకు ధర రాసుకొస్తారు. పల్లెల్లో ఇంటి ఖర్చులో తిండికే 47 శాతం పోతోందని 2023-24 సర్వేలో తేల్చిందీ వాళ్లే. పరిశోధన వైపైతే పటాన్‌చెరులో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, బేగంపేటలో ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం సెస్ ఉన్నాయి. ఇవన్నీ పోటీ పరీక్షలు, కొద్ది పోస్టులు. నాలుగేళ్లకు క్యాంపస్‌లో జీతం మొదలవ్వాలి, చెల్లెలి పెళ్లో అప్పో ఉంది అన్న పరిస్థితైతే ఆ మాట బిడ్డకు దాచకుండా చెప్పండి.

మధ్యదారి కూడా ఉంది. ఈఏపీసెట్ రాయనివ్వండి. కంప్యూటర్ సైన్స్ అని పట్టుబట్టకుండా సంగారెడ్డి దగ్గర కందిలో వ్యవసాయ ఇంజినీరింగ్, నిజామాబాద్ జిల్లా రుద్రూరులో ఫుడ్ టెక్నాలజీ చూడండి. రెండూ జయశంకర్ వ్యవసాయ యూనివర్సిటీవే. మిర్చి యంత్రం గురించి చెప్పింది ఇందుకే. అక్కడ బీటెక్ చేసి తర్వాత ధరల వైపు మళ్లినా ఎవరూ ఆపరు.

అయితే ఇది నిజమైన ఇష్టమా, ఇంజినీరింగ్ తప్పించుకునే సాకా? ఇద్దరికీ తెలియాలి. ఏరుడు మొదలయ్యేలోపు ఒక నోటు పుస్తకం కొనివ్వండి. ఎంతమంది వచ్చారు, ఎక్కడివాళ్లు, రోజు కూలా కిలో లెక్కా, ఎన్ని బస్తాలు, ఎనుమాములలో కాంటా అయ్యాక ఏం చేతికొచ్చింది, అదే వారం నర్సంపేట కిరాణంలో కిలో కారం ఎంత. సెలవులకు వచ్చినప్పుడల్లా తనే రాయాలి, మిగతా రోజులు మీరు ఫోన్‌లో చెప్పాలి. మూడు కోతల దాకా విసుక్కోకుండా రాస్తే ఎకనామిక్స్‌కు పంపండి.

ఆ పుస్తకంలో మొదటి పేజీ మాత్రం మీ నాయనకు వదిలేయమనండి. ఆయన చిన్నప్పుడు కైకిలి పైసల్లో కాకుండా వడ్లలో కొలిచేవాళ్లు. రోజుకు ఎన్ని మానికలు ఇచ్చేవాళ్లో, పైసల్లోకి ఎప్పుడు మారిందో ఆయన చెప్తుంటే రాసుకోమనండి.