జైసల్మేర్ నీటి జాడలు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవి మిత్రునికి, ఆశీస్సులు.

నువ్వు పంపిన జైసల్మేర్ యాత్రా వ్యాసం చిత్తుప్రతిని రెండుసార్లు చదివాను. వాక్యం బాగుంది, చూపు చురుగ్గా ఉంది. అయినా చదవడం ముగించాక ఆ ఊరు నా మనసులో నిలబడలేదు. కోట ఒక పేరాలో, హవేలీలనే భవంతులు మరొక పేరాలో, ఇసుక తిన్నెలు ఇంకొక పేరాలో వచ్చి, ఒకరికొకరు ఏమీ కాని ప్రయాణికుల్లా దిగి వెళ్ళిపోయాయి. నిజానికి వాటన్నిటికీ చుట్టరికం ఉంది, ఆ చుట్టరికం నీటిది. ఆ ఊరి చుట్టూ ఉన్న ప్రతి చోటా నిలబడి, ఇక్కడివాళ్ళకు నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చేవని అడిగి ఉంటే నీ వ్యాసం మరోలా నడిచేది. ఈ ఉత్తరం రాస్తున్నది ఆ మాట చెప్పడానికే.

కోటను ఐదుసార్లు బంగారు కోట అన్నావు, ఒకసారి అంటే చాలు. భాటీ రాజపుత్రుడైన రావల్ జైసల్ 1156లో దాన్ని త్రికూట గుట్ట మీద కట్టించాడనీ, 99 బురుజులు ఉన్నాయనీ, 2013లో రాజస్థాన్ కొండకోటల్లో ఒకటిగా యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిందనీ రాశావు. అవన్నీ ఉండవలసిన వివరాలే. కాని గోడలోని ఒక్క రాయినైనా దగ్గరగా చూశావా? ఆ పసుపు రాయిని ఇసుకరాయి అని రాసేయడం మనకు అలవాటైపోయింది. భూగర్భ శాస్త్రజ్ఞులు మాత్రం ఆ ప్రాంతంలో పేరుపొందిన పసుపు రాయిని జైసల్మేర్ సున్నపురాయి అంటారు. అది జురాసిక్ కాలంలో అక్కడ పరచుకుని ఉన్న సముద్రం అడుగున పేరుకున్న రాయి. సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడే వేళ, అరిగిన ఒక మెట్టు మీదికి వంగి చూసినప్పుడు, గోరు కొసంత గవ్వపెంకు ముక్కలు వంకీలు తిరిగి రాతిలో ఇరుక్కుని కనిపించాయి నాకు. వేలితో తడిమితే వాటి అంచు ఇంకా గరుకుగానే తగిలింది. దప్పికకు పేరుపడిన ఊరు సముద్రగర్భాన్ని తవ్వి ఇళ్ళు కట్టుకుందన్నది బంగారం అనే ఉపమానం కంటే ఎంత గొప్ప సంగతో ఆలోచించు.

బాడ్మేర్ వెళ్ళే దారిలో, ఊరికి 17 కిలోమీటర్ల దూరంలో ఉన్న అకల్ శిలాజ వనాన్ని నువ్వు రెండు వాక్యాలతో దాటేశావు. అక్కడ నేల మీద పడి ఉన్న మొద్దులు సుమారు 18 కోట్ల ఏళ్ళ నాటి చెట్లవి. వాటిలో పెద్దది 13 మీటర్లకు పైగా పొడవుంటుంది. కూలిన చెట్లు ఒండ్రులో పూడుకుపోయాక, భూగర్భ జలంలో కరిగిన సిలికా వాటి కణకణంలోకీ చేరి కలప స్థానంలో రాయిని నింపింది. అంటే ఒకప్పుడు అక్కడ అడవి పెరిగేంత వాన ఉండేది, ఆ అడవిని రాయిగా మార్చి మనదాకా తెచ్చింది కూడా నీరే. పాఠకుణ్ణి కోట కంటే ముందు అకల్‌కు తీసుకుపో.

అక్కడి నుంచి లోద్రవాకు నడిపించు. జైసల్మేర్ పుట్టక ముందు భాటీల రాజధాని అదే, ఊరికి వాయవ్యంగా సుమారు 15 కిలోమీటర్లు ఉంటుంది. ఇప్పుడు యాత్రికులు 17వ శతాబ్దంలో పునర్నిర్మించిన పార్శ్వనాథుని జైన ఆలయాన్ని చూసి వెనుదిరుగుతారు. నువ్వూ ఆ తోరణం శిల్పాన్నే వర్ణించావు, చక్కగానే వర్ణించావు. కాని ఆ రాజధాని వెలసింది కాక్ నది ఒడ్డున. వాన కురిసిన నాడు మాత్రమే పారే ఆ నది పేరు నీ వ్యాసంలో ఒక్కసారి కూడా రాలేదు. ముమల్ మహేంద్రల ప్రేమకథ కూడా ఆ ఒడ్డుదే.

గడీసర్ చెరువు దగ్గర నువ్వు పడవల్ని చూశావు. 14వ శతాబ్దంలో రావల్ గడ్సీ సింగ్ బాగుచేయించిన ఆ చెరువే తరతరాలపాటు ఊరికి తాగునీరు ఇచ్చింది. కట్ట మీద నిలబడి నీరు వచ్చి చేరే వైపు తలతిప్పి ఉంటే, ఒక ఊరు తన వానను ఎలా పోగేసుకుందో నీకు తెలిసేది. తిలోఁ అనే వేశ్య కట్టించిన ద్వారం కథ నీ వ్యాసంలో ఉంది. రాజు దాన్ని పడగొట్టకుండా పైన ఆమె గుడి కట్టించిందని చెప్పుకుంటారన్న భాగాన్ని మాత్రం వదిలేశావు, చేర్చు. బడా బాగ్‌లోని సమాధి మంటపాల గురించి రాస్తూ ఆ పేరుకు పెద్ద తోట అని అర్థమని చెప్పావు. ఎడారిలో తోట ఎలా వచ్చిందని మాత్రం అడగలేదు. 16వ శతాబ్దంలో మహారావల్ జైత్ సింగ్ కట్టించిన ఆనకట్ట అక్కడే ఉంది, తోట దాని నీడలో పుట్టింది.

పట్వాల హవేలీలను మూడు పేజీలు రాశావు, ఒక పేజీ చాలు. లోంగేవాలా, తనోట్‌లను ఈ వ్యాసంలో ఇరికించకు. 1971 యుద్ధం వేరే వ్యాసానికి తగిన విషయం.

ఇక పాడుబడిన కుల్‌ధరా గ్రామం. దివాన్ సాలిం సింగ్ కన్ను ఊరిపెద్ద కూతురి మీద పడిందనీ, పాలీవాల్ బ్రాహ్మణుల 84 గ్రామాలు ఒకే రాత్రి ఖాళీ అయ్యాయనీ, పోతూ పోతూ వాళ్ళు శాపం పెట్టారనీ నువ్వు చరిత్రగా రాశావు. నా తొలి యాత్రా వ్యాసంలో నేనూ అచ్చం అలాగే రాశాను. అది అచ్చయిన ప్రతిని ఇప్పుడు తెరిస్తే సిగ్గేస్తుంది. ఆ కథను కథగా చెప్పు, జనం చెప్పుకుంటారని స్పష్టంగా రాయి, వెంటనే బావులు ఎండిపోవడం, పన్నుల భారం పెరగడం, జనం క్రమంగా తరలిపోవడం వంటి కారణాలను పరిశోధకులు చెబుతున్నారని కూడా రాయి. శాపం గురించి అందరూ రాశారు, ఆ ఊరు అన్ని తరాలపాటు ఏం తిని బతికిందో రాసినవాళ్ళు తక్కువ.

అది తెలియాలంటే ఖడీన్‌ను చూడాలి. ఎగువన రాతినేల, దిగువన ఒండ్రుమట్టి పేరుకున్న పల్లం, పల్లానికి అడ్డంగా పొడవాటి మట్టికట్ట, కట్టలో మిగులు నీరు పోయేందుకు దారి, ఇంతే దాని నిర్మాణం. ఏడాదికి 20 సెంటీమీటర్లకు అటూ ఇటూ కురిసే వాన రాతి మీద నిలవక జారివచ్చి కట్ట వెనుక చేరుతుంది. నెమ్మదిగా నేలలోకి ఇంకుతుంది. చలికాలానికి పైనీరు తగ్గగానే ఆ పదును మీద గోధుమ, శనగ చల్లితే మరొక తడి అవసరం లేకుండానే పంట చేతికొస్తుంది. ఈ పద్ధతిని పాలీవాలులు అక్కడ పెంపొందించారు, వాళ్ళు వెళ్ళిపోయినా కొన్ని కట్టలు నేటికీ పంట ఇస్తున్నాయి.

మాటల విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. ఖేజ్రీ చెట్టు అని రాసి వదిలేశావు, అది మన జమ్మి చెట్టే. ఆ పేరు వేస్తే తెలుగు పాఠకుడికి ఎడారి ఒక్క అడుగులో దగ్గరవుతుంది. గోడావణ్ అన్న పక్షి మన రోళ్ళపాడు గడ్డినేలల్లో పేరుపడిన బట్టమేక పిట్టే. ఖడీన్, బేరీ అనే సన్నని బావి వంటి వాటికి మాత్రం మన మాట వెతకవద్దు, అవి ఆ నేలకే చెందిన వస్తువులు. అక్కడివాళ్ళు నీటిని మూడు రకాలుగా పిలుస్తారు. ఆకాశం నుంచి పడి చెరువులో చేరినది పాలర్ పానీ, బావి లోతుల్లో దొరికేది పాతాళ పానీ. ఇసుకలో ఇంకి, కింద ఉన్న జిప్సం పొరను దాటలేక చెమ్మగా నిలిచిపోయినది రేజాణీ పానీ. పాతాళ జలం చాలాచోట్ల ఉప్పన కాబట్టి, జిప్సం పొర దాకా సన్నని బేరీ తవ్వి, రాత్రంతా బొట్టుబొట్టుగా ఊరిన నాలుగు బిందెలను పొద్దున్నే తోడుకునేవారు. నీరు దొరికే తీరును బట్టి ఇన్ని పేర్లు పెట్టిన జనం గురించి రాస్తూ నువ్వు పదిచోట్లా నీరు అనే రాశావు.

ఊరికి పడమరగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న సమ్ తిన్నెల మీద ఒంటె సవారీని వర్ణించావు. ఎడారి జాతీయ ఉద్యానం పేరైతే ఎత్తలేదు. 3,162 చదరపు కిలోమీటర్ల ఆ ఉద్యానంలో తిన్నెల కంటే గడ్డినేల, రాతినేల ఎక్కువ. దేశంలో బతికి ఉన్న బట్టమేక పిట్టలు 200 లోపే, వాటిలో అత్యధిక భాగం ఈ జిల్లాలోనే ఉన్నాయి. మగపిట్ట 15 కిలోల దాకా తూగుతుంది. ఆడపిట్ట సాధారణంగా ఒకే ఒక గుడ్డును, అదీ కటికనేల మీద పెడుతుంది. కళ్ళు తలకు పక్కలకు ఉండడం వల్ల ఎదురుగా ఉన్న కరెంటు తీగలు సకాలంలో కనబడక, బరువైన ఒళ్ళు చటుక్కున మళ్ళక ఎన్నో చనిపోయాయి. 2019 నుంచి సమ్ దగ్గర వాటిని సంరక్షించి పెంచుతున్నారు. గాలిమరలు, సౌరఫలకాలు, ఆ తీగలు నీ ఛాయాచిత్రాల్లో ఉన్నాయి, నీ వాక్యాల్లో లేవు.

చివర మళ్ళీ కోటకు రా, ఈసారి గోడ పునాది దగ్గర ఆగు. పాతవాళ్ళు కోట మీద పడిన వానను ఘూట్ నాలీలనే కాలువల ద్వారా గుట్ట దిగువకు పంపేశారు, చుక్క నిలవనిచ్చేవారు కాదు. నేటికీ కొన్నివేల మంది నివసిస్తున్న ఆ కోటలోకి గొట్టాల ద్వారా నీరు ఎక్కింది. పంజాబ్‌లోని హరికే దగ్గర మొదలై ఈ జిల్లాలోని మోహన్‌గఢ్ దాకా వచ్చిన ఇందిరాగాంధీ కాలువ ఎడారి నీటి లెక్కనే మార్చేసింది. వాడిన నీరు కోట కింద ఉన్న బంకమట్టి పొరల్లోకి ఇంకి పునాదులను కదిలిస్తోంది. కరువును దాటిన గోడలకు ఇప్పుడు చెమ్మ ముప్పు తెచ్చింది. నీ వ్యాసానికి ముగింపు అక్కడ దొరుకుతుంది.

వీలైతే జనవరిలో మళ్ళీ వెళ్ళు, అప్పుడు ఖడీన్లలో గోధుమ మోకాలెత్తున పచ్చగా ఉంటుంది. కట్ట మీద కూర్చుని రాసిన పేజీలను ముందుగా నాకు పంపు, చిత్తుప్రతి అయినా ఫరవాలేదు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి