పెద్దవాడిని జపాన్‌లో తక్కువగా చూస్తున్నారు, చిన్నవాడినీ పంపాలా?

ప్రశ్న: మా పెద్దబ్బాయి మూడేళ్లుగా టోక్యోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు, జపనీస్ భాషా పరీక్షలో పైనుంచి రెండో మెట్టైన ఎన్2 పాసయ్యాడు. అయినా హోటల్లో అడక్కుండానే చాప్‌స్టిక్స్ బదులు ఫోర్క్ తెచ్చిపెడతారట. జపనీస్‌లో అడిగితే ఇంగ్లిష్‌లో జవాబిస్తారట. ఆఫీసులో క్లయింట్ మీటింగులకు పిలవరట. వచ్చేయమని ప్రతి ఆదివారం చెబుతున్నాం. బీటెక్ చివరి ఏడాదిలో ఉన్న చిన్నవాడిని జపాన్ పంపాలా, జర్మనీ పంపాలా?
ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, రెండు దేశాల పేర్లు రాశారు గానీ మీ దిగులు అది కాదు. కష్టపడి చదివించిన బిడ్డని ఎవరో చిన్నచూపు చూస్తున్నారని మీ బాధ. ఇలాంటి తల్లిదండ్రులు నా దగ్గరికి చాలామంది వస్తారు.

జపాన్‌లో విదేశీయులకి తరచూ వినిపించే మాట ఒకటుంది, ‘నిహోంగో జోజు దెస్‌నె’. అంటే ‘జపనీస్ బాగా మాట్లాడుతున్నారే’ అని. కొత్తలో సంతోషంగానే ఉంటుంది. మూడేళ్లయ్యాక కూడా ‘అరిగతో’ (థాంక్స్) అన్నందుకే ఆ మెచ్చుకోలు వినాల్సివస్తే మనసు చివుక్కుమంటుంది. అయితే అనేవాళ్లలో ఎక్కువమంది మర్యాదకే అంటారు. వాళ్లు ఇంగ్లిష్‌లో జవాబిచ్చినా అబ్బాయి జపనీస్‌లోనే కొనసాగించాలి. రోజూ వెళ్లే దుకాణంలో వాళ్లే మారతారు.

ఆఫీసు సంగతి వేరు, దాన్ని వదిలేయకూడదు. మీవాడు ఎన్2 పాసైన జేఎల్‌పీటీ అనే ఆ భాషా పరీక్షలో మాట్లాడే పరీక్షే లేదు. క్లయింట్‌తో వాడాల్సిన గౌరవ భాష, కెయిగో, వీడికి వచ్చో రాదో ఎన్2 సర్టిఫికెట్ చూసి మేనేజర్‌కి తెలియదు. అందుకే ‘మీటింగ్ మినిట్స్ నేను రాస్తాను’ అని తనే అడగాలి. ఏడాదైనా తలుపు తెరవకపోతే కంపెనీ మారాలి. ఇంజినీర్ వీసా మీద ఉంటే అదే తరహా పనిలోకి మారొచ్చు, 14 రోజుల్లో ఇమిగ్రేషన్‌కి తెలియజేయాలి.

ఇక చిన్నవాడు. ‘ఆరు నెలల్లో ఎన్4, వెంటనే జపాన్’ అనే ప్రకటనలంటే నాకు భయం. ఎన్4 అంటే ఎన్2 కన్నా రెండు మెట్లు కింద. దానితో దొరికేది ఎక్కువగా 2019లో మొదలైన స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసా. వృద్ధుల సంరక్షణ, హోటళ్లు, పొలాల్లో పని. అది గౌరవమైన పనే. కానీ దాని మొదటి రకంలో మామూలుగా ఐదేళ్లే ఉండనిస్తారు, కుటుంబాన్ని తీసుకెళ్లనివ్వరు. బీటెక్ చదివినవాడు తెలియక అందులో చేరితే, వాడిని తక్కువ అంచనా వేసింది మనమే.

మీతో ఒక మాట గట్టిగానే అంటాను. ఉత్తరంలో హోటల్ వాళ్లు, ఆఫీసు వాళ్లు, మీరు ఉన్నారు. పెద్దవాడు ఏం కావాలంటున్నాడో ఒక్క ముక్క లేదు. పరాయి భాషలో మూడేళ్లు నెగ్గుకొచ్చినవాడికి ఈ విషయం తేల్చుకోవడం చేతకాదా? ఈ ఆదివారం ‘వచ్చేయ్’ అనకండి, వాడు చెప్పేది వినండి.

జర్మనీలోనూ భాష రాకపోతే ఇదే టెన్షన్. ఏ భాషని రెండేళ్లు ఇష్టంగా నేర్చుకోగలడో చిన్నవాడినే అడిగి, అప్పుడు నాకు మళ్లీ రాయండి.