విశాఖలో చెత్త, గెడ్డలు వార్డుకే అప్పగిస్తే జనం పట్టించుకుంటారా?

చెత్త, గెడ్డలు (ఊళ్ళోంచి పారే వాగులు, కాలువలు), చెట్ల సంరక్షణ వార్డులకే వదిలేస్తే విశాఖ జనం బాధ్యత తీసుకుంటారా అని అడిగారు. కచ్చితంగా తీసుకుంటారు. మనవాళ్ళకి పట్టింపు లేదనే మాట నేనస్సలు ఒప్పుకోను.

మురళీనగర్‌లో మా అపార్ట్‌మెంట్ సంగతే చెబుతాను. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయమన్నప్పుడు అందరికంటే ముందు మొదలుపెట్టింది మూడో అంతస్తు మామ్మగారు. పాల ప్యాకెట్లు కడిగి, బట్టల తీగ మీద క్లిప్పులు పెట్టి ఆరేసి, తడి ఆరాకే పొడి బుట్టలో వేసేవారు. ఓ రోజు బండి కుర్రాడు రెండు బుట్టలూ ఒకేచోట కుమ్మరించేశాడు. “ఏటి నాయనా, రెండూ కలిపేస్తన్నావు?” అని ఆవిడ బాల్కనీలోంచి కేకేశారు. “బండికి అర ఒకటే ఉంది మామ్మగారూ, నన్నేం చెయ్యమంటారు?” అన్నాడు. తప్పు అతనిది కాదు, అలాంటి బండి పంపినవాళ్ళది. వారం తిరక్కుండానే సగం ఇళ్ళవాళ్ళు మళ్ళీ అంతా ఒకే కవర్లో కట్టి పడేయడం మొదలుపెట్టారు.

తర్వాత మేమే డ్రమ్ములకి చిల్లులు పెట్టించి పెరట్లో ఎరువు చేసుకుంటున్నాం. మొదట్లో వాసనని గొడవలయ్యాయి. తొక్కల మీద ఎండుటాకులు, పుల్లమజ్జిగ వేయడం అలవాటయ్యాక అదీ పోయింది. ఇప్పుడు ఎరువు ఎవరి కుండీలకి ఎంత అన్నదాని మీదే పోటీ.

చెత్త పన్ను మీద జనం మండిపడితే పర్యావరణమంటే లెక్కలేదని కొందరు తీర్పు చెప్పేశారు. ఆ డబ్బు మా వీధిలో దేనికి ఖర్చయిందో చెప్పమంటే మాత్రం జవాబు లేదు. మూడు లక్షల జనాభా దాటిన ఊళ్ళకి వార్డు కమిటీలుండాలని 1992లోనే 74వ రాజ్యాంగ సవరణ చెప్పింది. మన దగ్గరేమో 2012లో పాలకవర్గం గడువు ముగిస్తే కార్పొరేషన్ ఎన్నికలు 2021లో జరిగాయి. అన్నేళ్ళు అడగడానికి కార్పొరేటరే లేడు! 2019లో వచ్చిన వార్డు సచివాలయాల్లో పారిశుద్ధ్య, పర్యావరణ కార్యదర్శి ఉన్నా, పాపం, పని ఆయనది, నిర్ణయం పైవాళ్ళది.

చెత్త ఒక్కటే మా చేతికిచ్చి వికేంద్రీకరణ అంటే కుదరదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకులోంచి స్టైరిన్ అనే విష రసాయనం ఆవిరి ఇళ్ళ మీదికొచ్చి 12 మంది పోయారు. పక్క ఫ్యాక్టరీ ట్యాంకులో ఏముంది, ఏ అనుమతుల మీద నడుస్తోంది అని నిలదీసి, కాగితాలు తెప్పించుకునే అధికారం కూడా వార్డు కమిటీకి రాసివ్వాలి.