టిడ్కో ఇంట్లో ఇంటర్నెట్ అందడం లేదా? ఎక్కడ, ఎప్పుడు, ఎలా కొలవాలో చెబుతాను

ప్రభుత్వం పట్టణ పేదల కోసం కట్టించిన టిడ్కో ఫ్లాటులోకి మారాక ఫోనులో గీతలు కనిపిస్తున్నా ఇంటర్నెట్ నడవడం లేదనీ, ఫిర్యాదు చేస్తే కంపెనీ వాళ్లు "మా వైపు అంతా బాగానే ఉంది" అంటున్నారనీ, ఇళ్లలో ఉన్న పరిస్థితిని పరీక్షించి చూపించడం ఎలాగనీ అడిగారు. నేను కృష్ణా జిల్లాలో అలాంటి సముదాయంలోనే మూడో అంతస్తులో ఉంటున్నాను. మా బ్లాకు సంఘం తరఫున నిరుడు 24 ఫ్లాట్లలో ఈ కొలతలు తీశాం. డిప్లొమా చదువుతున్న ఇద్దరు ఆడపిల్లలు నాకు సాయం చేశారు.

ఈ పనికి నన్ను పూనుకునేలా చేసింది పక్కింటి మామ్మగారు. గ్యాస్ సిలిండర్ తెచ్చిన అబ్బాయి గుమ్మంలో నిలబడి ఓటీపీ అడిగితే, ఆవిడ ఫోను పట్టుకుని మెట్లెక్కి డాబా మీదకు వెళ్లేది. అక్కడైతేనే సందేశం వచ్చేది. మోకాళ్ల నొప్పులతో మళ్లీ దిగి వచ్చేసరికి ఆ అబ్బాయి సిలిండర్ తీసుకుని వెళ్లిపోయిన రోజులూ ఉన్నాయి. డెబ్బై ఏళ్ల మనిషికి ఆ కష్టం రాకూడదు.

ముందుగా గోడల సంగతి తెలుసుకోవాలి. మన ఇళ్లలో ఇటుక గోడలు ఉండవు. అల్యూమినియం చట్రాలు బిగించి, లోపల ఇనుప ఊచల అల్లిక పెట్టి, గోడలనూ శ్లాబునూ కలిపి కాంక్రీటుతో పోస్తారు. దీన్ని షియర్ వాల్ పద్ధతి అంటారు. ఇల్లు దృఢంగా ఉంటుంది, త్వరగా పూర్తవుతుంది. అయితే ఇనుము, కాంక్రీటు కలిసిన గోడను దాటడం రేడియో తరంగాలకు కష్టం. 700, 850, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు కొంతవరకైనా లోపలికి వస్తాయి. 2300, 3300 మెగాహెర్ట్జ్ వంటి పై బ్యాండ్లు చాలావరకు బయటే ఆగిపోతాయి. అందుకే బాల్కనీలో 5జీ చూపించే ఫోను పడక గదిలోకి రాగానే 4జీకి పడిపోతుంది.

గీతలను నమ్మకండి. ఎంత బలానికి ఎన్ని గీతలు చూపాలన్నది ఒక్కో ఫోనులో ఒక్కో రకంగా ఉంటుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల సెట్టింగ్స్‌లో ఫోను వివరాలు ఉండే చోట సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ బలం డీబీఎం అంకెల్లో కనిపిస్తుంది. అది మైనస్ అంకె. సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. 4జీలో మైనస్ 90 ఉంటే హాయిగా పని జరుగుతుంది, మైనస్ 110 దాటితే మాట కూడా తెగిపోతుంటుంది. మా బాల్కనీలో మైనస్ 86 వచ్చింది, లోపలి పడక గదిలో మైనస్ 112. పది అంకెలు తగ్గితే బలం పదో వంతుకు పడిపోయినట్టు. ఆ లెక్కన 26 అంకెల తేడా అంటే బాల్కనీలో ఉన్న బలంలో దాదాపు నాలుగు వందలో వంతు మాత్రమే మంచం దాకా చేరుతోంది.

ఆ తరువాత వేగం. టెలికాం కంపెనీలను నియంత్రించే ట్రాయ్ వారి మైస్పీడ్ యాప్ వాడండి, ఫలితం వాళ్లకు కూడా చేరుతుంది. ప్రతి ఫ్లాటులో మూడు చోట్ల కొలిచాం: బాల్కనీ, వంటగది, లోపలి పడక గది. ఉదయం ఆరు గంటలకు, మధ్యాహ్నం రెండుకు, రాత్రి తొమ్మిదికి. ప్రతిసారీ మూడు పరీక్షలు చేసి మధ్య అంకెను రాసుకున్నాం. అన్ని ఇళ్లలోనూ ఒకే ఫోను వాడాం, లేకపోతే ఫోన్ల తేడా కూడా లెక్కలో కలిసిపోతుంది. మొబైల్ డేటా కొలిచేటప్పుడు వైఫై ఆపేయండి. ఇంకొక మాట, ఇది ముఖ్యం: ఒక్కో పరీక్ష బోలెడు డేటా తినేస్తుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకుతో నెట్టుకొచ్చే వాళ్ల ఫోనులో పరీక్షలు చేసి, ఆ రోజు వాళ్ల పిల్లలకు పాఠం లేకుండా చేయకండి. మీ ఫోను, మీ డేటా వాడండి. మేము మొదట్లో వాళ్ల ఫోన్లలోనే చూసేవాళ్లం. ఒక ఇంట్లో ఘోరంగా తక్కువ వేగం వచ్చింది. తీరా చూస్తే ఆ రోజు కోటా అయిపోయి వేగం 64 కేబీపీఎస్‌కు తగ్గిపోయింది. ఆ ఇంటి కొలతలన్నీ మళ్లీ తీయాల్సి వచ్చింది.

అసలు విషయం రాత్రి అంకెల్లో బయటపడింది. మా బాల్కనీలో ఉదయం ఆరు గంటలకు 22 ఎంబీపీఎస్, రాత్రి తొమ్మిదికి 1.4. సిగ్నల్ బలం మాత్రం రెండు వేళల్లోనూ మైనస్ 86. అంటే ఇక్కడ తప్పు గోడది కాదు. వందల కుటుంబాలు ఒక్కసారిగా వచ్చి చేరితే ఉన్న టవరు మోయలేకపోతోంది. మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే డౌన్‌లోడ్ కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలని 2023 జనవరిలో నిర్ణయించారు. పిల్లలు చదువుకునే వేళకు మాకు అది కూడా అందడం లేదు. బలం తక్కువైతే అడగవలసింది ఒకటి, రద్దీ ఎక్కువైతే అడగవలసింది మరొకటి. ఈ రెండింటినీ కలిపి "నెట్ రావడం లేదు" అని రాస్తే ఫిర్యాదు అక్కడే ఆగిపోతుంది.

ఇంట్లో కేబుల్ ఆపరేటరు ఇచ్చిన వైఫై ఉంటే పరీక్ష వేరు. లాప్‌టాప్‌ను తీగతో నేరుగా రూటరుకు కలిపి చూడండి. తీగ మీద పూర్తి వేగం వచ్చి వైఫైలో రాకపోతే లోపం ఇంటిలోపలే ఉంది. తీగ మీద కూడా రాకపోతే ఆపరేటరును అడగాలి. ఇంటిలోపలి లోపాల్లో ఎక్కువ భాగం రూటరును గుమ్మం పక్కన, టీవీ వెనక పెట్టడం వల్లే. దాన్ని రెండు గదులకూ తలుపుల గుండా దారి దొరికే చోట, భుజం ఎత్తులో పెట్టించాం. 5 గిగాహెర్ట్జ్ ఆ గది వరకే బాగుంటుంది, గోడ అవతలికి 2.4 నయం. కానీ 2.4లో ఒకదానిపై ఒకటి పడకుండా వాడుకోగలిగినవి 1, 6, 11 అనే మూడు చానళ్లే. రాత్రి తొమ్మిదికి మా గదిలో 27 వైఫై పేర్లు కనిపించాయి, వాటిలో సగానికి పైగా 6వ చానల్ మీదే. పక్కపక్క ఇళ్లవాళ్లం మాట్లాడుకుని వేరువేరు చానళ్లకు మారాం. పైసా ఖర్చు కాలేదు.

కంపెనీ మనిషి వచ్చినప్పుడు గేటు దగ్గర స్కూటరు దిగి, అక్కడే కొలిచి, మైనస్ 79 వచ్చిందని రాసుకుని ఫిర్యాదు మూసేశాడు. నాకు చాలా కోపం వచ్చింది. గేటు దగ్గర ఎవరు కాపురం ఉంటారు? అప్పుడు 24 ఫ్లాట్ల పట్టికతో అప్పీలు చేశాం. దారి ఇదీ: ముందు కంపెనీకి ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నమోదు నంబరు తీసుకోవాలి. పరిష్కారం నచ్చకపోతే 30 రోజుల్లోగా అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రాయాలి, దానికి రుసుము లేదు. ట్రాయ్ విడివిడి ఫిర్యాదులు తీసుకోదు, అక్కడికి పంపి ఎదురుచూడకండి. కంపెనీలు తమ కవరేజీ మ్యాపులు వెబ్‌సైట్లో పెట్టాలని ట్రాయ్ 2024 నిబంధనల్లో ఉంది. ఆ మ్యాపులో మా సముదాయం మీద పూర్తి రంగు ఉంది. దాని పక్కన మా పడక గదుల అంకెలు పెట్టి పంపాం.

ఈసారి ఇంజనీరు పైకి వచ్చాడు. రెండో అంతస్తు వెనక ఫ్లాటులో, నాకు సాయం చేసిన అమ్మాయిలు ముందే సుద్దతో గీసిపెట్టిన గుర్తు మీద నిలబడి తన ఫోనుతో తానే కొలిచాడు. మైనస్ 115 వచ్చింది. రెండు నెలలకు దగ్గరి టవరులో ఒక యాంటెన్నా దిశ మార్చారు. రోడ్డు వైపు ఇళ్లలో రాత్రి వేగం 6, 7 ఎంబీపీఎస్‌కు పెరిగింది. వెనక వరుసలో పెద్ద మార్పు లేదు, దాని మీద రెండో ఫిర్యాదు నడుస్తోంది.

వెనక వరుస వాళ్లకు ఈలోగా పనికొచ్చింది వైఫై కాలింగ్. ఫోను సెట్టింగ్స్‌లో అది ఆన్ చేస్తే సిగ్నల్ లేని గదిలో కూడా ఇంటి వైఫై మీద కాల్స్ వస్తాయి. మా ఫోన్లలో ఓటీపీలు కూడా అలాగే వస్తున్నాయి. మామ్మగారి అనుమతితో ఆవిడ ఫోనును మా వైఫైకి కలిపాం. రూటరు మా రెండిళ్ల మధ్య గోడకు దగ్గరగా ఉండబట్టి ఆవిడ వంటగదిలోనూ అందుతోంది.

ఈ రాత్రి తొమ్మిదికి మీ ఇంట్లో మూడు చోట్ల బలమూ వేగమూ రాసుకోండి, రేపు ఉదయం ఆరుకు మళ్లీ రాయండి. ఆ పన్నెండు అంకెలు, మీ బ్లాకు ఏ వైపు ఉందో ఇక్కడ పెడితే, లోపం గోడదో రద్దీదో కలిసి చూద్దాం.