పాత కారులో ఫ్యూయల్ పంప్ కూస్తోంది, మార్చేయాలా?

మీది 2004 మోడల్ పెట్రోల్ కారు, వెనక సీటు కింద నుంచి జుయ్‌మని కూత వస్తోంది, మెకానిక్ సీటు కూడా ఎత్తకుండానే, ట్యాంకు నుంచి ఇంజన్‌కు పెట్రోలు పంపే ఫ్యూయల్ పంప్ పోయిందన్నాడు అని రాశారు. కాస్త ఆగండి. ఇదే మాట నమ్మి నేను రెండు పంపులు కొన్నాను.

నాది 2003 బండి. వారానికి రెండుసార్లు చిత్తూరు నుంచి తిరుపతికి తిరిగేవాణ్ణి. అయిదొందలకు మించి పెట్రోలు పోయించే అలవాటు లేదు. రిజర్వ్ లైటు వెలిగితే గానీ బంకు గుర్తొచ్చేది కాదు. ఒక మే నెలలో కూత మొదలైంది. పంప్ మార్పించాను, మూడు వారాలు నిశ్శబ్దం, మళ్లీ అదే పాట. ఇంకో షెడ్డులో రెండో పంప్ వేయించాను, అదీ అంతే. చివరికి పీలేరు పోతూ భాకరాపేట ఘాట్ ఎక్కుతుంటే బండి జెర్కులిచ్చి, పికప్ పడిపోయి, మలుపు దగ్గర ఆగిపోయింది. పిల్లలు వెనక సీట్లో, బయట ఎండ, నాకు టెన్షన్. ఇరవై నిమిషాలు చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్టయింది.

మర్నాడు తిరుపతిలో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. బానెట్ తెరవకముందే ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఏం సామీ, ట్యాంకు ఎప్పుడన్నా సగం దాటించినావా?"

నేను నీళ్లు నమిలాను.

ఎంపీఎఫ్ఐ బండ్లలో, అంటే కార్బ్యురేటర్ బదులు ప్రతి సిలిండర్‌కూ విడిగా ఇంజెక్టర్‌తో పెట్రోలు చిమ్మే బండ్లలో, పంప్ మోటరు ట్యాంకు లోపలే, పెట్రోల్లో మునిగి ఉంటుంది. దాన్ని చల్లబరిచేదీ, లోపల భాగాలు అరగకుండా జారుడునిచ్చేదీ ఆ పెట్రోలే. అడుగంటిన ట్యాంకుతో మన ఎండల్లో తిరిగితే మోటరు వేడెక్కుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఉన్న కాస్త పెట్రోలూ ఒక పక్కకు జరిగి పంప్ గాలి పీలుస్తుంది. ఆయన సీటు తీసి అసెంబ్లీ పైకి లాగితే, పంప్ మూతికి ఉండే స్ట్రెయినర్, అంటే పెట్రోలు వడగట్టే జల్లెడ, కాఫీ వడగట్టిన గుడ్డలా నల్లగా ఉంది. ట్యాంకు అడుగున సన్నటి తుప్పు మట్టి. ముందు ఇద్దరూ మోటరు మార్చారే గానీ స్ట్రెయినర్ జోలికి పోలేదు. ముక్కు మూసి పరుగెత్తమన్నట్టే కదా! ట్యాంకు కడిగి, స్ట్రెయినర్, ఫిల్టర్ కొత్తవి వేసి, ఆ రెండో పంపునే మళ్లీ బిగించాడు. బండి అమ్మేదాకా అదే నడిచింది.

మీ బండి విషయానికొస్తే, ముందు చెవి పెట్టి వినండి. తాళం ఆన్ చేయగానే రెండు మూడు సెకన్లు సన్నగా గుయ్‌మని ఆగిపోతే అది జబ్బు కాదు, లైన్లో ప్రెషర్ నింపుకుంటోంది. బండి నిలిపి ఉంచి ఆక్సిలరేటర్ తొక్కండి. ఆ కాలం బండ్లలో పంప్ దాదాపు ఒకే వేగంతో తిరుగుతుంది. తొక్కినకొద్దీ కూత పెరిగితే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ బేరింగ్ లాంటి వాటిని అనుమానించండి. బండి కదిలితేనే వచ్చి, వేగంతో పాటు పెరిగితే వెనక చక్రం బేరింగ్ చూపించండి. మా బావమరిది దీన్నే పంప్ అనుకుని నెల రోజులు తిరిగాడు.

నిజంగా పంపే అయితే ముప్పాతిక ట్యాంకు నింపి ఒక రోజు తిప్పండి. కూత తగ్గితే కారణం సగం దొరికినట్టే. గంట నడిపాక కూత పెరిగినప్పుడు ఇంజన్ ఆపి పెట్రోలు మూత తీయండి. స్స్ అని గాలి లోపలికి పోయి, మళ్లీ స్టార్ట్ చేస్తే కూత తగ్గిందంటే ట్యాంకుకు గాలి అందే దారి మూసుకుపోయినట్టు. దానికి పంప్ మారిస్తే డబ్బు దండగ.

తర్వాత కరెంటు. పంప్ తిరుగుతుండగా దాని కనెక్టర్ దగ్గర వోల్టేజ్, బ్యాటరీ దగ్గర వోల్టేజ్ కొలిపించండి. ఒక వోల్టుకు మించి తేడా ఉంటే పంపుకు కరెంటు కలిపే రిలే, ఎర్త్ వైరు, తుప్పు పట్టిన పిన్నులు చూడాలి. చివరగా ప్రెషర్ గేజ్ పెట్టి లైన్లో పెట్రోలు ప్రెషర్ కొలిపించండి. చాలా ఎంపీఎఫ్ఐ బండ్లకు 3 బార్ దరిదాపుల్లో ఉంటుంది, మీ మోడల్ అంకె సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోండి. స్ట్రెయినర్, ఫిల్టర్, కరెంటు అన్నీ సరిగ్గా ఉండి కూడా ప్రెషర్ రాకపోతే అప్పుడు మార్చండి, స్ట్రెయినర్‌తో కలిపి.

సీటు ఎత్తి చూడటం వరకు మీరు చేయొచ్చు. పైపులు మాత్రం ఊడదీయకండి. ఇంజన్ ఆపాక కూడా లైన్లో ప్రెషర్ ఉంటుంది, పెట్రోలు మొహాన చిమ్ముతుంది. షెడ్డులో తీయించినా ఆరుబయట, బ్యాటరీ నెగటివ్ విప్పాకే, బీడీ సిగరెట్టు దరిదాపుల్లో లేకుండా తీయమనండి.

ట్యాంకు నింపాక కూత ఏమైందో, మూత తీసినప్పుడు ఏం జరిగిందో ఇక్కడే రాయండి, చూద్దాం.